అరుదైన దారికి ధర: ప్రోగ్రామింగ్ భాషల్లో ఎక్సెప్షన్ల వ్యయ చరిత్ర

వ్యాససంగ్రహం

ప్రోగ్రామ్ నడుస్తుండగా తలెత్తే దోషస్థితులను సంబాళించడానికి ఏర్పడిన ఎక్సెప్షన్ విధానానికి ఆరు దశాబ్దాల చరిత్ర ఉంది. ఈ విధానం వల్ల యంత్రం మీద పడే భారం ఎంత, దాన్ని ఎవరు మోయాలి అన్న చర్చ కూడా అంతే పాతది. 1960ల నాటి పి.ఎల్.వన్ భాష నుంచి ఇటీవలి సి ప్లస్ ప్లస్ ప్రతిపాదనల వరకు ఈ వ్యయం ఎక్కడి నుంచి ఎక్కడికి మారిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ప్రతి అమరిక వెనుకా "ఏది అరుదు" అన్న ఒక ఊహ ఉందని, ఆ ఊహ చెల్లని పరిస్థితి వచ్చినప్పుడే దాగి ఉన్న వ్యయం బయటపడిందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఎక్సెప్షన్, అపవాదం, రిటర్న్ కోడ్, సున్నా వ్యయం, క్లూ భాష, సి ప్లస్ ప్లస్, ఏరియాన్ 5.

ప్రస్తావన

ఒక ఫంక్షన్ తనకు అప్పగించిన పనిని పూర్తి చేయలేకపోయినప్పుడు ఆ సంగతిని తనను పిలిచిన ఫంక్షన్‌కు ఎలా తెలియజేయాలన్నది ప్రోగ్రామింగ్ భాషల రూపకల్పనలో మొదటినుంచీ ఉన్న ప్రశ్న. తెరవవలసిన ఫైలు లేకపోవచ్చు, భాజకం సున్నా కావచ్చు, మెమరీ చాలకపోవచ్చు. దీనికి అన్నిటికంటే పాత సమాధానం రిటర్న్ కోడ్. పని జరిగిందో లేదో తెలిపే ఒక సంఖ్యను ఫంక్షన్ తిరిగి పంపుతుంది. పిలిచిన ఫంక్షన్ దాన్ని పరీక్షించి తరవాతి అడుగు వేస్తుంది. సి భాషలో ఈ పద్ధతి నేటికీ నడుస్తోంది. ఇందులో చిక్కులు రెండు. పరీక్షించడం మరచిపోతే యంత్రం ఏమీ అనదు. తప్పుడు విలువతోనే ప్రోగ్రామ్ ముందుకు సాగిపోతుంది. మరవకుండా పరీక్షిస్తే ప్రతి పిలుపు వెనుకా ఒక షరతు చేరి, ప్రోగ్రామ్ అసలు చెప్పదలచిన విషయం షరతుల గుంపులో కనబడకుండా పోతుంది. యంత్రం దృష్టిలో ఒక్కో పరీక్ష చాలా చిన్న పని, ఒక పోలిక, ఒక మలుపు మాత్రమే. అయితే ఆ చిన్న పని ప్రతి పిలుపులోనూ, దోషం ఉన్నా లేకపోయినా జరగవలసిందే.

ఎక్సెప్షన్ విధానం ఈ రెండు చిక్కులనూ తీరుస్తానంటూ వచ్చింది. దోషం కనిపెట్టిన ఫంక్షన్ అక్కడికక్కడే పని ఆపి ఎక్సెప్షన్‌ను విసురుతుంది. పిలుపుల దొంతరలో పైన ఎక్కడో దానికోసం సిద్ధంగా ఉన్న హ్యాండ్లర్ దాన్ని అందుకుంటుంది. నడుమ ఉన్న ఫంక్షన్లు ఈ విషయంలో ఒక్క మాటైనా రాయనక్కరలేదు. ఈ సౌకర్యం గురించి పాఠ్యపుస్తకాలు విస్తారంగా చెబుతాయి. దాని ధర దగ్గరికి వచ్చేసరికి "ఎక్సెప్షన్లు నెమ్మది" అనో, "విసరకపోతే ఖర్చు లేదు" అనో ఒక్క వాక్యంతో సరిపెడతాయి. రెండు వాక్యాలూ నిజమే. అవి ఏ కాలంలో, ఏ అమరికను ఉద్దేశించి పుట్టాయో తెలిస్తే తప్ప వాటి అర్థం పూర్తికాదు.

పరిభాషను గురించి ఒక మాట

ఎక్సెప్షన్‌కు తెలుగులో "మినహాయింపు" అనీ, వ్యాకరణ సంప్రదాయాన్ని అనుసరించి "అపవాదం" అనీ అనవచ్చు. రెండవ మాట శాస్త్రాభ్యాసం ఉన్నవారికి వెంటనే స్ఫురిస్తుంది. పాణినీయంలో సామాన్యవిధి ఉత్సర్గం, దాన్ని బాధించే విశేషవిధి అపవాదం. అకారానికి అచ్చు పరమైనప్పుడు గుణం సామాన్యంగా విహితం. ఏ, ఐ, ఓ, ఔలు పరమైతే వృద్ధి దాన్ని బాధిస్తుంది. ఇక్కడ గమనించవలసిన భేదం ఒకటుంది. వ్యాకరణంలో అపవాదం అరుదుగా రావాలన్న నియమం లేదు. దాని పరిధి చిన్నది, అంతే. ఆ పరిధిలో అది సామాన్యవిధికంటే బలీయమైనది, పైగా ఎంతమాత్రం దోషం కాదు. ప్రోగ్రామింగ్‌లోని ఎక్సెప్షన్‌కు "అరుదు" అనే గుణాన్ని, చాలా సందర్భాల్లో "దోషం" అనే గుణాన్ని కూడా అంటగట్టారు. ఈ అంటగట్టడమే తరవాతి వ్యయచరిత్రకంతటికీ మూలం. వాడుక తెలుగులో అపవాదు అంటే నింద కనుక ఆ మాటలో మరో చిక్కూ ఉంది. అందువల్ల ఈ వ్యాసం అందరి నోటా ఉన్న "ఎక్సెప్షన్" అనే మాటనే వాడుతుంది.

తొలి లెక్కలు: పి.ఎల్.వన్, క్లూ

దోషస్థితులను భాషలోనే ఒక ప్రత్యేక నిర్మాణంగా గుర్తించిన తొలి ప్రధాన భాష ఐ.బి.ఎం. ఆధ్వర్యంలో 1960ల మధ్యలో రూపొందిన పి.ఎల్.వన్. అందులో "ఆన్" అనే వాక్యంతో ఒక స్థితికి ఒక హ్యాండ్లర్‌ను ముడిపెట్టేవారు. ఈ ముడి ప్రోగ్రామ్ నడుస్తున్నప్పుడు, ఆ వాక్యం దగ్గరికి నియంత్రణ చేరినప్పుడు పడుతుంది. అంటే దోషం వచ్చినా రాకపోయినా ముడివేసే పని జరిగే తీరుతుంది.

పి.ఎల్.వన్‌లో మరో ఆసక్తికరమైన ఏర్పాటు ఉంది. సున్నాతో భాగించడం, అంకగణితంలో విలువ పొంగిపొర్లడం వంటివి యంత్రమే కనిపెట్టగల స్థితులు. వాటి మీద నిఘా భాషలో సహజంగానే అమలులో ఉండేది. శ్రేణి సూచిక హద్దు దాటిందా లేదా అన్నది మాత్రం ప్రతి ప్రస్తావన దగ్గర విడిగా పరీక్షించి తేల్చవలసిన విషయం. దాని మీద నిఘా కోరితే తప్ప అమలయ్యేది కాదు. ఏ దోషం ప్రమాదకరం అన్న విచారణ ఇక్కడ ప్రధానం కాలేదు. ఏ దోషాన్ని చవకగా కనిపెట్టవచ్చు అన్నదే ప్రధానమైంది. హద్దు దాటిన సూచికలు ఆ తరవాతి దశాబ్దాల్లో ఎంత నష్టం తెచ్చాయో తెలిసినవారికి ఈ ఎంపిక ఇబ్బందిగా తోచవచ్చు. నాటి యంత్రాల వేగాన్ని బట్టి చూస్తే అది అర్థం చేసుకోదగినదే.

1975లో జాన్ గుడినఫ్ ప్రచురించిన వ్యాసం ఎక్సెప్షన్లను ఒక స్వతంత్ర అధ్యయన విషయంగా నిలబెట్టింది. హ్యాండ్లర్ పని ముగిశాక నియంత్రణ ఎక్కడికి వెళ్లాలన్న ప్రశ్న అందులో స్పష్టమైన రూపం పొందింది. విసిరిన చోటికే తిరిగివచ్చి పని కొనసాగించడం ఒక మార్గం. విసిరిన ఫంక్షన్‌ను అంతటితో ముగించడం మరో మార్గం. మొదటిదాన్ని పునరారంభ పద్ధతి అనీ, రెండోదాన్ని సమాప్తి పద్ధతి అనీ చెప్పుకోవచ్చు.

మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో బార్బరా లిస్కోవ్ బృందం రూపొందించిన క్లూ భాష సమాప్తి పద్ధతిని ఎంచుకుంది. 1979లో లిస్కోవ్, అలన్ స్నైడర్ ప్రచురించిన వ్యాసంలో వ్యయానికి సంబంధించిన చర్చ నేటికీ చదవదగినది. ఎక్సెప్షన్‌ను యంత్రం మీద అమర్చడానికి వారు రెండు దారులు వివరించారు. మొదటి దారిలో ప్రతి పిలుపు వెనుకా ఒక చిన్న మలుపుల పట్టిక ఉంటుంది. పిలుపు సవ్యంగా ముగిస్తే నియంత్రణ ఆ పట్టికను దాటుకుని ముందుకు పోతుంది; ఎక్సెప్షన్ వస్తే పట్టికలోని తగిన గడికి దూకుతుంది. ఎక్సెప్షన్ కూడా దాదాపు మామూలు రిటర్న్ అంత వేగంగా జరుగుతుంది కానీ ప్రతి పిలుపుకూ ఒక పట్టిక కావాలి కనుక స్థలం ఖర్చవుతుంది. రెండో దారిలో ఫంక్షన్ మొత్తానికీ ఒకే హ్యాండ్లర్ పట్టిక ఉంటుంది. ఎక్సెప్షన్ వచ్చినప్పుడే దాన్ని తెరిచి, పిలుపు ఏ హద్దుల మధ్య జరిగిందో వెదకి చూస్తారు. స్థలం ఆదా అవుతుంది, ఎక్సెప్షన్ నెమ్మదిస్తుంది.

నేటి ప్రధాన భాషల అమరికలు చాలావరకు ఈ రెండో దారి సంతతే. మొదటి దారి మరుగున పడి, దాదాపు నాలుగు దశాబ్దాల తరవాత వేరే పేర్లతో తిరిగివచ్చింది. క్లూలో మరో నియమం కూడా ఉంది. ఎక్సెప్షన్ ఒక్క అంతస్తు మాత్రమే పైకి వెళుతుంది, ఏ ఫంక్షన్ ఏయే ఎక్సెప్షన్లు విసరగలదో దాని శీర్షికలోనే రాయాలి. అందువల్ల పిలుపుల దొంతరంతా గాలించే పని ఆ భాషలో తలెత్తలేదు. తరవాతి భాషలు ఈ నియమాన్ని సడలించి సౌకర్యం పెంచుకున్నాయి, ఆ సౌకర్యంతో పాటే గాలింపు ఖర్చునూ కొనితెచ్చుకున్నాయి.

సి ప్లస్ ప్లస్: "సున్నా వ్యయం" అనే మాట

సి ప్లస్ ప్లస్ రూపకర్త బ్యార్నె స్ట్రౌస్ట్రప్ ఆండ్రూ కోనిగ్‌తో కలిసి 1990లో ఎక్సెప్షన్ల ప్రతిపాదనను ప్రకటించారు. పునరారంభమా, సమాప్తా అన్న వివాదం ప్రమాణ సంఘంలో మళ్లీ వచ్చింది. దాన్ని తేల్చింది తర్కం కాదు, అనుభవం. జిరాక్స్ సంస్థ పరిశోధనాకేంద్రంలో మెసా, సీడర్ భాషలతో ఏళ్ల తరబడి పనిచేసిన జిమ్ మిచెల్ అక్కడి సంగతి వివరించారు. పునరారంభాన్ని మొదట ఆదరించిన ఆ వ్యవస్థలో, సుమారు 5 లక్షల పంక్తుల ప్రోగ్రామ్‌లో, చివరికి దాని వాడుక ఒకే ఒక్క చోట మిగిలిందట.

సి ప్లస్ ప్లస్‌కు ఒక మూలసూత్రం ఉంది. వాడని సౌకర్యానికి ప్రోగ్రామర్ మూల్యం చెల్లించకూడదు. ఎక్సెప్షన్ల విషయంలో ఈ సూత్రాన్ని నిలబెట్టడం తొలినాళ్లలో సాధ్యపడలేదు. తొలి అమరికలు కొన్ని సి భాషలోని "సెట్‌జంప్, లాంగ్‌జంప్" అనే జంట మీద ఆధారపడ్డాయి. ట్రై బ్లాకులోకి ప్రవేశించినప్పుడల్లా ప్రాసెసర్ రిజిస్టర్ల విలువలను ఒకచోట దాచాలి. ఖర్చు అక్కడితో ఆగదు. ఎక్సెప్షన్ దొంతరలో పైకి పోతూ దారిలోని ప్రతి వస్తువుకూ దాని డిస్ట్రక్టర్‌ను పిలవాలి. ఏయే వస్తువులు ప్రస్తుతం సజీవంగా ఉన్నాయో ఎప్పటికప్పుడు ఒక జాబితాలో నమోదు చేయవలసి వచ్చింది. ట్రై అన్న మాటే లేని ఫంక్షన్ కూడా, దానిలో డిస్ట్రక్టర్ గల వస్తువు ఒక్కటి ఉంటే చాలు, ఈ నమోదు పన్ను కట్టేది. 32 బిట్ల విండోస్‌లోనూ హ్యాండ్లర్లను స్టాక్ మీద ఒక గొలుసుగా కూర్చేవారు. ఫంక్షన్‌లోకి వచ్చినప్పుడు ఒక లంకె చేరేది, పోయేటప్పుడు ఊడేది.

ఈ పన్ను భరించలేని రంగాలు ఎక్సెప్షన్లను ఏకంగా వెలివేశాయి. చిన్న యంత్రాల కోసం 1990ల మధ్యలో జపాన్ సంస్థలు రూపొందించిన ఎంబెడెడ్ సి ప్లస్ ప్లస్‌లో ఎక్సెప్షన్లకు చోటు లేదు. ఎఫ్-35 యుద్ధవిమానం కోసం లాక్‌హీడ్ మార్టిన్ 2005లో వెలువరించిన ప్రోగ్రామింగ్ నియమావళిలో 208వ నియమం వాటిని నిషేధించింది. ఈ నిషేధాలన్నిటినీ వేగం ఖాతాలోనే వేయడం పొరపాటు. పరికరాల అసంపూర్ణత, అలవాటుపడిన పాత ప్రోగ్రామ్‌లు కూడా కారణాలే. గూగుల్ సంస్థ తన నియమావళిలో ఎక్సెప్షన్లను వద్దనడానికి చెప్పిన ముఖ్యకారణం, వాటిని తట్టుకునేలా రాయని పాత ప్రోగ్రామ్‌లు తమ వద్ద ఉండడమే.

2000 ప్రాంతంలో ఇంటెల్ ఇటానియం ప్రాసెసర్ కోసం రూపొందిన ఒడంబడికతో పరిస్థితి మారింది. ఆ ప్రాసెసర్ వ్యాపారంలో నిలవలేదు, దాని కోసం రాసుకున్న ఎక్సెప్షన్ ఒడంబడిక మాత్రం లినక్స్ తదితర వ్యవస్థల్లో స్థిరపడిపోయింది. దాని కీలకం క్లూ నాటి హ్యాండ్లర్ పట్టికే. ప్రోగ్రామ్‌లోని ఏ చిరునామా నుంచి ఏ చిరునామా వరకు ఏ హ్యాండ్లర్ వర్తిస్తుందో కంపైలర్ ముందే రాసి, ఫైలులో ఒక పక్కన ఉంచుతుంది. మామూలు దారిలో నడిచే ప్రోగ్రామ్ ఆ పట్టికను తాకనైనా తాకదు. ట్రై అన్నచోట యంత్రానికి ఒక్క అదనపు ఆదేశం కూడా ఉండదు. దీనికి "సున్నా వ్యయ పద్ధతి" అన్న పేరు స్థిరపడింది.

విసిరినప్పుడు జరిగే పని చూస్తే ఆ పేరులోని పాక్షికత తెలుస్తుంది. ముందు ఎక్సెప్షన్ వస్తువుకు మెమరీ కేటాయించాలి. తరవాత దొంతరలోని ఒక్కో అంతస్తు రిటర్న్ చిరునామాను తీసుకుని, అది ఏ ఫంక్షన్‌కు చెందుతుందో, ఆ ఫంక్షన్ పట్టిక ఎక్కడ ఉందో వెదకాలి. పట్టికలు స్థలం ఆదా కోసం కుదించిన రూపంలో ఉంటాయి కనుక వాటిని విప్పి చదవాలి. ఇంతా రెండుసార్లు జరుగుతుంది. తొలి విడతలో హ్యాండ్లర్ ఎక్కడైనా ఉందా అని మాత్రమే చూస్తారు. ఉంటేనే రెండో విడతలో డిస్ట్రక్టర్లను పిలుస్తూ దొంతరను విప్పుతారు. హ్యాండ్లర్ అసలే లేకపోతే దొంతర చెదరకుండా ఉండి, లోపం వెదికేవారికి పనికివస్తుందన్నది ఈ రెండు విడతల వెనుక ఉన్న ఆలోచన. మామూలు రిటర్న్ కొద్ది నానోసెకన్లలో ముగిసే చోట, ఈ ప్రయాణం మైక్రోసెకన్ల స్థాయికి చేరుతుంది. పట్టికల వల్ల ఫైలు పరిమాణం కూడా పెరుగుతుంది. ఖర్చు పోలేదు. నిత్యమార్గం నుంచి అరుదైన మార్గానికి, కాలం నుంచి స్థలానికి బదిలీ అయింది. విసరడం నిజంగా అరుదైతే ఇది అద్భుతమైన బేరం. ఆ "అయితే" ఎంత బరువైనదో కంప్యూటర్ శాస్త్రానికి అప్పటికే ఒకసారి అనుభవంలోకి వచ్చింది.

ఏరియాన్ 5: రక్షణకు లెక్కగట్టిన వ్యయం

1996 జూన్ 4న ఫ్రెంచ్ గయానాలోని కూరూ కేంద్రం నుంచి ఏరియాన్ 5 రాకెట్ తొలిసారి బయలుదేరింది. అందులో ఐరోపా అంతరిక్ష సంస్థకు చెందిన నాలుగు క్లస్టర్ ఉపగ్రహాలున్నాయి. సుమారు 37వ సెకనులో మార్గనిర్దేశ వ్యవస్థ చేతులెత్తేసింది. 39వ సెకను ప్రాంతంలో రాకెట్ విచ్ఛిన్నమై, స్వయంవిధ్వంసక ఏర్పాటు పనిచేసి నాశనమైంది. గణితవేత్త జాక్ లూయీ లియోన్స్ అధ్యక్షతన ఏర్పడిన విచారణ సంఘం జూలై 19న నివేదిక సమర్పించింది. సాఫ్ట్‌వేర్ వైఫల్యాల చరిత్రలో ఇంత స్పష్టంగా రాసిన పత్రాలు తక్కువ.

రాకెట్ దిశనూ కదలికనూ కొలిచే జడత్వ సూచన వ్యవస్థలో అడా భాషలో రాసిన ఒక ప్రోగ్రామ్ ఉంది. అది క్షితిజసమాంతర వేగానికి సంబంధించిన ఒక 64 బిట్ల దశాంశ విలువను 16 బిట్ల పూర్ణాంకంగా మార్చాలి. 16 బిట్ల సంజ్ఞా పూర్ణాంకంలో ఇమిడే గరిష్ఠ విలువ 32,767. ఆనాడు విలువ ఆ హద్దు దాటింది. ఎక్సెప్షన్ లేచింది. దాన్ని అందుకునే ప్రత్యేక హ్యాండ్లర్ అక్కడ లేదు. వ్యవస్థ నిర్దేశం ప్రకారం, ఎక్సెప్షన్ వస్తే ఆ సంగతిని తెలియజేసి ప్రాసెసర్‌ను ఆపివేయాలి. అలాగే ఆగిపోయింది. ఆదుకోవలసిన ప్రత్యామ్నాయ యంత్రంలోనూ అదే ప్రోగ్రామ్ ఉంది కనుక అది కొద్ది క్షణాంశాల ముందే అదే కారణంతో ఆగిపోయి ఉంది. ఆగేముందు పంపిన దోషసమాచారాన్ని ప్రధాన కంప్యూటర్ ప్రయాణ సమాచారంగా భ్రమించి, నాజిళ్లను చివరిదాకా వంచింది.

ఈ వ్యాసానికి సంబంధించిన అసలు విషయం ఆ హ్యాండ్లర్ ఎందుకు లేదన్నది. మరచిపోవడం వల్ల కాదు. ఇలా హద్దు దాటగల విలువలు ఏడున్నాయని రూపకర్తలు ముందే గుర్తించారు. వాటిలో నాలుగింటికి రక్షణ కల్పించి, మూడింటిని వదిలేశారు. కారణం, ఆ కంప్యూటర్ పనిభారం 80 శాతానికి మించకూడదన్న లక్ష్యం. రక్షణకు కాలం ఖర్చవుతుంది. ఆ మూడు విలువలూ భౌతికంగా పరిమితమైనవనీ, లేదా హద్దుకు చాలా దూరంలో ఉంటాయనీ లెక్కగట్టి వదిలేశారు. ఆ లెక్క ఏరియాన్ 4 విషయంలో సరైనదే. ఏరియాన్ 5 పథంలో క్షితిజసమాంతర వేగం ఏరియాన్ 4 కంటే ఐదు రెట్లు త్వరగా పెరుగుతుంది. ఇంకొక విషాదం ఏమంటే, ఆ విలువను లెక్కించే భాగానికి రాకెట్ లేచాక ప్రయోజనమే లేదు. చివరి నిమిషంలో ప్రయోగం నిలిపి మళ్లీ మొదలుపెట్టవలసి వస్తే సమయం కలిసివస్తుందని పాత రాకెట్ల కాలంలో దాన్ని కొంతసేపు నడవనిచ్చారు. ఆ వెసులుబాటు 1989లో ఒక్కసారి ఉపయోగపడింది.

ఈ ఘటన మీద వ్యాఖ్యానాలు భిన్నంగా ఉన్నాయి. బెర్ట్రాండ్ మేయర్, జాన్ మార్క్ జెజెకెల్ 1997లో ప్రచురించిన వ్యాసంలో, ఇది ఎక్సెప్షన్ల లోపం కాదనీ, పాత ప్రోగ్రామ్‌ను దాని పూర్వనియమాలు రాసుకోకుండా కొత్తచోట వాడడంలోని లోపమనీ వాదించారు. ఆ వాదనకు వెంటనే ప్రతివాదాలూ వచ్చాయి. అడా రూపకల్పన సాగుతున్న కాలంలోనే, 1980 ట్యూరింగ్ పురస్కార ప్రసంగంలో టోనీ హోర్ ఆ భాషలోని ఎక్సెప్షన్ విధానం ప్రమాదకరమని హెచ్చరించిన సంగతిని కూడా కొందరు గుర్తుచేస్తారు. హోర్ ఆక్షేపణ భాష సంక్లిష్టతను గురించినది. 80 శాతం లక్ష్యంతో దానికి సంబంధం లేదు. రెండింటినీ ముడిపెట్టడం ఆకర్షణీయమే కానీ న్యాయం కాదు.

నివేదికలోని ఒక పరిశీలన వీటన్నిటికంటే లోతైనది. మూడు విలువలను వదిలేయడం అనేక స్థాయుల్లోని భాగస్వాములు కలిసి తీసుకున్న నిర్ణయం. అయితే ఆ నిర్ణయానికి ఆధారం ప్రోగ్రామ్ పాఠంలో ఎక్కడా లేదు. పత్రాల రాశిలో అది ఎవరూ దాచకుండానే మరుగున పడిపోయింది. వ్యయం తగ్గించుకోవడం తప్పు కాదు. ప్రతి ఇంజనీరూ చేసేదే అది. "ఈ విలువ హద్దు దాటడం అసంభవం" అన్న ఊహ మీద ఆదా జరిగింది. ఆదా యంత్రంలో మిగిలింది, ఊహ కాగితాల్లో మిగిలింది. రాకెట్ మారినప్పుడు యంత్రంలోని ప్రోగ్రామ్ మాత్రమే కొత్తదానిలోకి ప్రయాణించింది.

జావా, పైథాన్, ఒకామెల్: అరుదుకు మూడు నిర్వచనాలు

1990ల మధ్యలో వచ్చిన జావా భాష ఎక్సెప్షన్‌కు మరో ఖర్చు జోడించింది. ఎక్సెప్షన్ వస్తువు పుట్టిన క్షణంలోనే అప్పటి పిలుపుల దొంతరనంతా అది తనలో నమోదు చేసుకుంటుంది. లోపం ఎక్కడిదో వెదకడానికి ఇది అమూల్యం. దొంతర ఎంత లోతుగా ఉంటే నమోదుకు అంత కాలం పడుతుంది. ఎక్సెప్షన్ అంటే ఎవరో ఒకరు కూర్చుని విచారించవలసిన ఘటన అన్న ఊహ ఇందులో ఉంది. 2001లో వచ్చిన గ్రంథంలో జాషువా బ్లాక్, శ్రేణి ముగింపును గుర్తించడానికి హద్దు దాటిన ఎక్సెప్షన్‌ను వాడుకునే ప్రోగ్రామర్లను హెచ్చరించడానికి కారణం ఇదే. 2011 నాటి జావా 7లో దొంతర నమోదు వద్దని చెప్పే వీలు కల్పించారు. హాట్‌స్పాట్ యంత్రం ఇంకాస్త ముందుకు పోయి, కొన్ని ఎక్సెప్షన్లు ఒకేచోట పదేపదే వస్తుంటే, ముందే తయారుచేసి ఉంచిన, దొంతర వివరాలు లేని వస్తువును విసరడం మొదలుపెడుతుంది. దాంతో సర్వర్ లాగులో ఎక్సెప్షన్ పేరు కనబడుతుంది, అది ఎక్కడ పుట్టిందో కనబడదు. వేగం కోసం చేసిన ఈ ఆదా ఎందరో ఇంజనీర్లను అయోమయంలో పడేసింది. దాన్ని ఆపడానికి ఒక ప్రత్యేక మీట కూడా ఉంది.

మైక్రోసాఫ్ట్ డాట్‌నెట్ కథ కొంత ఇటువంటిదే. వాడుకరి రాసిన అక్షరాలను సంఖ్యగా మార్చే ఫంక్షన్ విఫలమైతే ఎక్సెప్షన్ విసిరేది. మనుషులు తప్పుగా టైపు చేయడం అరుదైన ఘటన కాదు కనుక, విసరకుండా అవునో కాదో చెప్పే జంట ఫంక్షన్‌ను 2005లో పూర్ణాంకాలకూ విస్తరించారు.

పైథాన్ సంప్రదాయం దీనికి భిన్నం. ముందు పరీక్షించడం కంటే చేసి చూసి, కుదరకపోతే సర్దుకోవడమే అక్కడి మర్యాద. లూపు ముగియడం కూడా అక్కడ ఒక ఎక్సెప్షనే. అటువంటి భాషలో ట్రై బ్లాకు చవకగా ఉండాలి. 2022 అక్టోబరులో వచ్చిన పైథాన్ 3.11 హ్యాండ్లర్ పట్టిక పద్ధతికి మారి, ఎక్సెప్షన్ రానప్పుడు ట్రై ఖర్చును దాదాపు తుడిచేసింది.

అన్నిటికంటే వేరుగా ఆలోచించింది ఒకామెల్. ఆ భాషలో ట్రై దగ్గర కొద్దిపాటి ఖర్చు ఉంటుంది. స్టాక్ మీద ఒక చిన్న గుర్తు పెట్టి, దాన్ని పాత గుర్తుకు ముడివేస్తారు. విసిరినప్పుడు వెదుకులాట లేదు. నేరుగా ఆ గుర్తు దగ్గరికి దూకడమే. అందువల్ల లోతైన వెదుకులాట నుంచి ఫలితంతో ఒక్క గంతులో బయటపడడానికి ఎక్సెప్షన్‌ను వాడడం అక్కడ తప్పుగా ఎంచరు. సి ప్లస్ ప్లస్ వదిలించుకోవాలనుకున్న పన్నును ఒకామెల్ ఇష్టపూర్వకంగా కట్టి, దానికి బదులుగా విసరడాన్ని చవక చేసుకుంది. వ్యాకరణంలోని అపవాదానికి దగ్గరగా వచ్చేది ఈ దృష్టే. పరిధి చిన్నదైనంత మాత్రాన దాన్ని అరుదని, దోషమని అనుకోలేదు.

ప్రాసెసర్లు పెరిగాక

సున్నా వ్యయ పద్ధతి స్థిరపడిన నాడు సాధారణ కంప్యూటర్‌లో ప్రాసెసర్ కోర్ ఒకటో రెండో ఉండేవి. నేటి సర్వర్లలో పదులు, వందల్లో ఉన్నాయి. డేటాబేస్ వ్యవస్థల మీద పనిచేసే మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయ ఆచార్యుడు థామస్ నోయ్‌మన్ 2022లో సి ప్లస్ ప్లస్ ప్రమాణ సంఘానికి సమర్పించిన పత్రం ఈ మార్పు ఫలితాన్ని కొలిచి చూపింది. ఎక్సెప్షన్ విసిరినప్పుడు ఫంక్షన్ పట్టిక ఎక్కడుందో వెదకాలి. ప్రోగ్రామ్ నడుస్తుండగానే లైబ్రరీలు చేరవచ్చు, తొలగవచ్చు. వెదికే సమయంలో జాబితా మారిపోకుండా అందరికీ కలిపి ఒకే లాక్ వేసి ఉంచారు. ఒక్క కోర్ విసిరితే దీనివల్ల బాధ లేదు. అనేక కోర్లు ఒకేసారి విసిరితే, వేర్వేరు పనులు చేస్తున్నా అన్నీ ఆ ఒక్క లాక్ ముందు వరుసకట్టి నిలబడాలి. కోర్లు పెరిగేకొద్దీ వేగం పెరగవలసింది పోయి తగ్గిపోతుంది. విఫలమయ్యే పిలుపుల శాతం చాలా తక్కువగా ఉన్నప్పుడు కూడా ఇది కనిపించింది.

ఏరియాన్ ఘటనతో దీనికి పోలిక ఉంది. ఎక్సెప్షన్ అరుదు కనుక రెండు ఒకేసారి రావడం మరీ అరుదు అన్న ఊహ మీద ఆ లాక్ నిలిచింది. యంత్రాలు మారాయి, ఊహ మారలేదు. ఇక్కడ రాకెట్లు కూలలేదు కనుక సంగతి గుర్తింపుకు రావడానికి ఇరవై ఏళ్లు పట్టింది. పరిష్కారం భాష ప్రమాణాన్ని మార్చకుండానే కొంతవరకు దొరికింది. లినక్స్ సి లైబ్రరీ 2.35 విడుదల వెదుకులాటకు లాక్ అక్కరలేని కొత్త ఫంక్షన్‌ను అందించింది. నోయ్‌మన్ స్వయంగా రాసిన మార్పు 2023 నాటి జి.సి.సి. 13లో చేరింది. దొంతర విప్పడంలోని మిగిలిన శ్రమ మాత్రం అలాగే ఉంది.

మళ్లీ రిటర్న్ విలువ

ఇటీవలి భాషలు ఈ బేరం నుంచే తప్పుకున్నాయి. 2009లో ప్రకటితమైన గో భాష దోషాన్ని మామూలు విలువగా తిరిగి పంపుతుంది. 2015లో తొలి స్థిర రూపం పొందిన రస్ట్‌లో ఫలితమో దోషమో ఏదో ఒకటి మోసే విలువ వస్తుంది. దాన్ని పట్టించుకోకపోతే కంపైలర్ హెచ్చరిస్తుంది. అదే ఏడాది స్విఫ్ట్ రెండో రూపంలో ట్రై, త్రో అన్న పాత మాటలనే ఉంచి, వాటి కింద ఒక ప్రత్యేక రిజిస్టర్ ద్వారా దోషాన్ని పంపి పిలిచినచోట పరీక్షించే ఏర్పాటు చేశారు. క్లూ వ్యాసంలోని మొదటి దారిలాగే ఇక్కడా విసరడానికి దాదాపు రిటర్న్ అంతే ఖర్చు. ప్రతి పిలుపు దగ్గరా ఒక పరీక్ష ఉంటుంది. మలుపు ఎటు తిరుగుతుందో ముందే ఊహించగల నేటి ప్రాసెసర్లకు ఆ పరీక్ష 1970ల యంత్రాలకంటే చాలా చవక. ఎక్సెప్షన్ల పుట్టుకకు కారణమైన పాత ఖర్చు ఈలోగా తానే తగ్గిపోయింది.

సి ప్లస్ ప్లస్‌లోనూ ఇదే దిశలో 2018లో హెర్బ్ సట్టర్ ఒక ప్రతిపాదన చేశారు. ఎక్సెప్షన్ రాతనే ఉంచి, దాన్ని లోపల రిటర్న్ విలువగా పంపడం దాని సారాంశం. తమ ప్రాజెక్టులో కొంతమేరో పూర్తిగానో ఎక్సెప్షన్లను నిషేధించారని ఒక సర్వేలో 52 శాతం సి ప్లస్ ప్లస్ ప్రోగ్రామర్లు చెప్పిన సంగతిని ఆయన అందులో ఉదహరించారు. భాష అధికారికంగా సిఫారసు చేసే దోషనిర్వహణ పద్ధతిని సగానికి పైగా వాడుకరులు స్వేచ్ఛగా వాడలేకపోవడం సామాన్యమైన విషయం కాదు. ఒకే భాష రెండు మాండలికాలుగా చీలిపోయిందని ఆయన ఆవేదన. ఒక మాండలికంలో రాసిన లైబ్రరీ మరో మాండలికం వారికి పనికిరాదు. వేగం గురించి మొదలైన చర్చ ఇలా ఎవరి ప్రోగ్రామ్ ఎవరికి పనికివస్తుందన్న ప్రశ్నగా మారింది. ఆ ప్రతిపాదన సి ప్లస్ ప్లస్ 23 ప్రమాణంలో చేరలేదు. ఫలితాన్నో దోషాన్నో మోసుకొచ్చే "ఎక్స్‌పెక్టెడ్" అనే రకం మాత్రం చేరింది. దాన్ని వాడేవారు పిలిచిన ప్రతిచోటా పని జరిగిందో లేదో తామే పరీక్షించుకోవాలి.